ఊహ తెలియక ముందే

భద్రాచలం స్నానఘట్టాల మెట్ల మీద అడుగు మోపే సందు లేదు. 2025 జనవరి 9, గురువారం సాయంత్రం. తెల్లవారితే ముక్కోటి ఏకాదశి. ఇంకాసేపట్లో తెప్పోత్సవం. రామయ్య హంస వాహనమెక్కి గోదావరిలో విహరిస్తాడు. నీళ్ల మీంచి వచ్చే గాలి చెవులు కోస్తోంది. మా ఏడాదిన్నర పాప వాళ్ల బాబాయి భుజాలెక్కి, రెండు గుప్పిళ్లతో అతని జుట్టు పట్టుకుని కూర్చుంది. కుడివైపు నిలబడ్డ వాళ్ల నాన్న దాని కాలి మడమ వదలడం లేదు. ఎడమవైపు మేనత్త. వెనక నేను. ముందు మెట్టు మీద మా అత్తమ్మ, పాలసీసా ఉన్న సంచిని గుండెకు ఆనించుకుని నిలబడింది.

మేళతాళాలు దగ్గర పడ్డాయి. ఊరేగింపుగా వచ్చిన ఉత్సవమూర్తులను దీపాల హంస మీదికి చేర్చారు. ఒడ్డు ఒడ్డంతా 'జై శ్రీరామ్' అంటోంది. హంస కదిలింది. దాని వెలుగు నీళ్లలో పొడుగ్గా సాగింది. అంతలోనే మొదటి తారాజువ్వ పైకి లేచి, నెత్తిన పిడుగు పడ్డట్టు పేలింది.

పాప ఒళ్లు బిగుసుకుంది. అది ఆకాశం వైపు చూడలేదు. ముందు వాళ్ల నాన్న మొహం చూసింది. తర్వాత నా మొహం. కిందికి వంగి బాబాయి మొహం కోసం వెతికింది. మేనత్త దాని రెండు చెవులూ అరచేతులతో మూసి, "ఎంత బాగుందో చూడు బంగారం!" అంది. నానమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. అందరి మొహాలూ చూసుకున్నాక, అప్పుడు తలెత్తింది. ఎర్రటి, పచ్చటి చుక్కలు రాలుతుంటే నోరు తెరిచింది. నాలుగో జువ్వకు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

ఈ వయసు పిల్లలు భయపడాలా, సంతోషించాలా అన్నది తమవాళ్ల మొహాల్లో చదువుకుంటారు. 1985లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడాది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బల్ల మీద గాజు పలక పరిచి, దాని కింద నేల హఠాత్తుగా లోతుకు దిగినట్టు కనిపించేలా ఏర్పాటు చేశారు. అవతలి కొసన తల్లి ఉంటుంది. తల్లి సంతోషంగా కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది పిల్లలు ఆ లోతు మీదుగా పాకుకుంటూ వెళ్లారు. తల్లి మొహంలో భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. అక్కడ పిల్ల చూసుకోవడానికి ఉన్నది తల్లి మొహం ఒక్కటే. ఈ మెట్ల మీద మా పాపకు ఏ పక్కకు తిరిగినా తనవాళ్ల మొహమే.

మేం హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడు పక్కింటివాళ్లు ప్రేమగానే అడిగారు: "ఇంత చలిలో, అంత జనంలోకి పసిదాన్నెందుకు? ఊహ తెలిశాక తీసుకెళ్లొచ్చుగా. ఇప్పుడు చూసినా దానికేం గుర్తుంటుంది?" చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. ఈ పండుగ రోజుల్లో నేను చూస్తున్నదంతా దానికి జవాబు.

రాత్రికి ఊళ్లోనే ఒక బంధువుల ఇంట్లో పడకలు. తెల్లవారుజామున మూడింటికే అత్తమ్మ లేచింది. కట్టెల పొయ్యి మీద కాగుతున్న నీళ్ల వాసన ఇల్లంతా పరుచుకుంది. పాపను లేపలేదు. నిద్రలోనే ఉన్ని టోపీ పెట్టి, శాలువాలో చుట్టి, తాతయ్య చేతుల్లో పెట్టాం. ఉత్తర ద్వారం ఎదురుగా జనం కిక్కిరిసి కూర్చున్నారు. మా పక్కన చర్ల వైపు నుంచి వచ్చిన ఒక కోయ కుటుంబం ఉంది. ఆ ఇంటి ముసలమ్మ ఒళ్లోనూ ఒక పసివాడు నిద్రపోతున్నాడు. ఆమె, మా అత్తమ్మ ఒకరి ఒళ్లోకి ఒకరు తొంగి చూసుకుని, "ఎన్ని నెలలు?" అని అడిగి, అక్కడి నుంచి పళ్లు రావడం, నడక రావడం దాకా వెళ్లారు.

ఈ కొండ మీద రాముడికి మొదట నీడ కల్పించింది కూడా ఒక గిరిజన స్త్రీయే. పోకల దమ్మక్క పుట్టలో రాముణ్ని కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని ఇక్కడి ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తర్వాత పదిహేడో శతాబ్దంలో, నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము దానికి ఖర్చు పెట్టాడని గోల్కొండ సుల్తాను తానీషా ఆయన్ని ఖైదులో వేయించాడు. మామయ్య ఈ కథను పక్కనున్న మా బావగారి పిల్లవాడికి గొంతు తగ్గించి చెబుతున్నాడు. పదేళ్లవాడు ప్రశ్నలు వేస్తున్నాడు. పాప తాతయ్య ఛాతీకి చెవి ఆనించి నిద్రపోతోంది. కథంతా ఆ ఛాతీలో నుంచే వస్తోంది.

అయిదు గంటలకు గంటలు, శంఖాలు, డోళ్లు ఒక్కసారిగా మోగాయి. ద్వారం తెరుచుకుంది. సాంబ్రాణి పొగ తెరలు తెరలుగా బయటికొచ్చింది. పొగ పలచబడేకొద్దీ గరుడ వాహనం మీద స్వామి కనిపించాడు. చేతులన్నీ పైకి లేచాయి. మామయ్య చేతులు మాత్రం లేవలేదు. ఆ చేతుల్లో పాప ఉంది. ఆయన కళ్లతోనే దణ్ణం పెట్టుకున్నాడు.

దర్శనం వరసలో గర్భగుడి దగ్గరికి వచ్చేసరికి పాపకు మెలకువ వచ్చింది. భద్రాద్రి మూలమూర్తి వైకుంఠ రాముడు. నాలుగు చేతులు. శంఖం కుడి చేతిలో, చక్రం ఎడమ చేతిలో. ఎడమ తొడ మీద సీతమ్మ. పెద్దవాళ్లం శంఖచక్రాల తారుమారు చూస్తాం, దాని వెనక భద్ర మహర్షి కథ చెప్పుకుంటాం. పాప చూసింది ఒళ్లో కూర్చున్న సీతమ్మను. వేలు చాపి "అమ్మ" అంది. వెనకాల ఉన్న ముసలాయన "అమ్మే తల్లీ" అన్నాడు.

ఉదయం పది దాటాక దుమ్ముగూడెం దారి పట్టాం. మా అత్తారి ఊరు పర్ణశాల వైపు, అడవికీ ఏటికీ నడుమ ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టూ ఉన్న గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అందుకే పట్నం దాటగానే బండి కాసేపు పక్క రాష్ట్రంలో నడిచి, మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. దారికి ఇరువైపులా మిరప తోటలు. పచ్చటి ఆకుల కింద ఎర్రటి కాయలు వేలాడుతున్నాయి. వరసల మధ్య వంగి ఏరుతున్న కూలీలు. దూరంగా, మంచు ఇంకా విడవని అడవి గీత.

ఇంటి ముందు ఆగేసరికి వాకిట్లో పది జతల చెప్పులున్నాయి. ఖమ్మం నుంచి మా అమ్మ బస్సులో వచ్చేసింది. తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలానికే నూట ఇరవై కిలోమీటర్ల దాకా దారి. పాల్వంచ దాటాక పెద్దమ్మ గుడి దగ్గర బస్సు ఆగితే, మనవరాలి కోసమని బొట్టు తీసి కాగితంలో మడిచి తెచ్చింది. మేం బండి దిగీ దిగకముందే ఆ బొట్టు పాప నుదుటికి అంటుకుంది.

మా వసారా స్తంభం గురించి చెప్పాలి. దాని మీద పైన రెండు గీతలుంటాయి. పెద్ద గీత 1986 ఆగస్టు వరదది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు ఇంట్లో నీళ్లు అక్కడిదాకా నిలిచాయి. దాని కింద గీత 2022 జూలైది, 71.3 అడుగులప్పటిది. 53 అడుగులు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఈ రెండు గీతల కింద, మనిషి నడుం ఎత్తు నుంచి మొదలై, చిన్న చిన్న పెన్సిల్ గీతలుంటాయి. అవి ఈ ఇంటి పిల్లల ఎత్తులు. ఏటా సంక్రాంతికి కొలుస్తారు. మా ఆయనవి, మరిదివి, ఆడపడుచువి, బావగారి పిల్లవాడివి. వరద వచ్చి కడిగేసినవాటిని మామయ్య జ్ఞాపకం మీద మళ్లీ గీశాడు. పాపను నిలబెట్టి నెత్తి మీద స్కేలు ఆనించారు. అది నిలబడదే! బాబాయి నడుం పట్టుకుంటే, అత్త గడ్డం ఎత్తితే, తాతయ్య గీత గీశాడు. అన్నిటికంటే కింద ఉన్న గీత ఇప్పుడు దానిదే.

వంటింట్లో పని అప్పటికే సగంలో ఉంది. అరిసెలకు బియ్యం మూడు రోజులుగా నానుతున్నాయి. రోజూ నీళ్లు మార్చారు. వడకట్టి, తడి ఆరకుండానే దంచి, జల్లించి, ఆ పిండిని గుడ్డ కింద అదిమి పెట్టారు. పొయ్యి మీద బెల్లం పాకం ఉడుకుతోంది. అత్తమ్మ గరిటె అంచు నుంచి ఒక చుక్క తీసి నీళ్ల పళ్లెంలో వేసింది. వేలితో దగ్గరికి లాగితే ఉండయింది. "పోయండి పిండి!" అంది. ఇద్దరు పోస్తుంటే ఒకరు కలపాలి. ఆగితే గడ్డలు కడుతుంది, ఆలస్యమైతే పాకం ముదురుతుంది. ఒక్క మనిషి చేసుకునే పిండివంట కాదిది.

పాపను పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. వంటింటి గడపకు అడ్డంగా మా చిన్న తోడికోడలు పీట వేసుకుని కూర్చుంది. ఓరుగల్లు అమ్మాయి. ఆరో నెల. ముక్కోటికి రాకుండా ఇంటి దగ్గరే ఉండిపోయింది. తెల్లటి గుడ్డ పరిచి సకినాలు చుడుతోంది. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిపిన ముద్ద బొటనవేలు, చూపుడువేలు నడుమ మెలిపడుతూ గుండ్రంగా దిగుతోంది. ఒక చుట్టు, రెండు, మూడు. గోదారి ఒడ్డు ఇంట్లో అరిసెలు, ఓరుగల్లు సకినాలు పక్కపక్కనే తయారవుతున్నాయి. పెళ్లిళ్లు కలిపిన రుచులివి. పాప వచ్చి సకినం నడుమ వేలు గుచ్చింది. నేను లాగబోతే, "ఉండనీయ్ అక్కా, చుట్టనీయ్" అంది తోడికోడలు. చిటికెడు పిండి దాని వేళ్లకిచ్చింది. పాప దాన్ని గుడ్డ మీద రాసింది, చెంపకు రాసుకుంది, నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత వేలితో వేలు రుద్దింది. పిన్ని చేస్తున్నట్టే. ఎవరూ నేర్పలేదు. పక్కన కూర్చుంది, చూసింది, చేసింది.

జనవరి 13, సోమవారం, భోగి. నాలుగున్నరకు బయటికి వస్తే వాకిలి తెల్లగా ఉంది. పుష్య పౌర్ణమి చంద్రుడు పడమటి అడవి మీదికి దిగుతున్నాడు. మంచు కురిసి ముగ్గు గీతల అంచులు కరిగాయి. మరిది, బావగారు విరిగిన మంచం కోళ్లు, తాటాకులు, ఎండిన వెదురు బొంగులు గుట్ట వేశారు. మామయ్య కర్పూరం వెలిగించాడు. మంట పైకి లేవగానే వెదురు కణుపులు ఫటఫటా పేలాయి. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక మంట. పిల్లలు పిడకల దండలు మెళ్లో వేసుకుని ఒక మంట నుంచి ఇంకో మంటకు పరుగులు తీస్తున్నారు.

పాప మెళ్లోనూ ఒక దండ ఉంది. బావగారి పిల్లవాడు రూపాయి బిళ్లంత పిడకలు చేసి, ఆరబెట్టి, నడుమ బెజ్జాలు పెట్టి గుచ్చాడు. మంటకు నాలుగడుగుల దూరంలో వాళ్ల నాన్న మోకాళ్ల మీద కూర్చుని, పాపను తన ఒళ్లో నిలబెట్టుకున్నాడు. దండ తీసి దాని చేతికిచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి విసిరాడు. పాప మంట వైపు ఒక అడుగు వేసింది. ఆ ఒక్క అడుగుకే మూడు వైపుల నుంచి చేతులు వచ్చాయి. "అబ్బో, కాలుద్ది!" అంది అమ్మమ్మ. పాప ఆగి, మంట వైపు వేలు చూపించి, కళ్లు పెద్దవి చేసి, "అబ్బో" అంది. ఇక ఆ రోజంతా పొయ్యిని చూసినా, దీపాన్ని చూసినా అదే మాట.

తర్వాత నలుగు. అమ్మమ్మా నానమ్మా ఇద్దరు, పిల్ల ఒక్కతే. నువ్వుల నూనె వెచ్చబెట్టింది ఒకరు, శనగపిండిలో పసుపు కలిపింది ఒకరు. కాళ్లు చాపి, వాటి మీద పాపను బోర్లా పడుకోబెట్టుకుని మా అమ్మ ఒళ్లు రుద్దుతుంటే, అత్తమ్మ చెంబుతో నీళ్లు పోసింది. నాకు ఆ పద్ధతి రాదు. నగరంలో పాపను టబ్బులో కూర్చోబెట్టి స్నానం చేయిస్తాను. మెడ కింద చెయ్యి ఎలా ఉండాలో, కళ్లలో నీళ్లు పడకుండా నుదుటి మీద అరచెయ్యి ఎలా అడ్డం పెట్టాలో పక్కన కూర్చుని చూశాను. పసిపిల్ల పండుగలో నేర్చుకునేది పసిపిల్ల ఒక్కతే కాదు.

సాయంత్రానికి రేగుపళ్లు కావాలి. ఊరి చివర గూడెం నుంచి ఒక కోయ పెద్దమ్మ వెదురు బుట్టలో తెచ్చింది. అడవి రేగు. చిన్నవి, పులుపు ఎక్కువ. అత్తమ్మ పళ్లకు డబ్బులూ, పళ్లెం నిండా అరిసెలూ ఇచ్చింది. ఆమె పాప బుగ్గ పుణికి, బుట్టలోంచి పిడికెడు పళ్లు విడిగా తీసి, "ఇవి దానికి, ఊరికే" అంది.

వసారాలో పీట వేశారు. పట్టు లంగా, నుదుట దిష్టి చుక్క. రేగుపళ్లు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, బంతి రేకులు, చిల్లర నాణేలు కలిపిన పళ్లెం నడుమ పెట్టారు. టెక్సస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ తెర మీదికి వచ్చాడు. మాకు సాయంత్రం ఆరు, వాడికి తెల్లవారి ఆరున్నర. అక్కడ రేగుపళ్లు దొరక్క, వాడి కొడుక్కి క్రాన్‌బెర్రీలు పోస్తున్నారు. రంగు కుదిరింది, అంతే చాలన్నాడు. పండు మారినా, పోసే చెయ్యి ఉంటే భోగి జరుగుతుంది.

మొదట నానమ్మ. గుప్పిలి నిండా తీసి, మూడుసార్లు దిగతుడిచి, నెత్తి మీద పోసింది. పాప ఉలిక్కిపడి అందరి మొహాలూ చూసింది. అందరూ నవ్వుతున్నారు. అదీ నవ్వింది. తర్వాత అమ్మమ్మ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని. జుట్టులో బంతి రేకులు చిక్కుకున్నాయి. ఒళ్లో పడ్డ రేగుపండు టక్కున నోట్లోకి పోయింది. గింజ గొంతుకు అడ్డం పడుతుందని అందరికీ ఒకేసారి తట్టింది. అయిదు చేతులు ముందుకు వచ్చాయి. అత్తమ్మ చెయ్యి ముందు చేరింది. పండు తీసి, పళ్లతో గింజ వలిచి, గుజ్జు దాని నాలుక మీద పెట్టింది. పులుపుకు మొహం ముడుచుకుని, ఇంకొకటి కావాలని చెయ్యి చాపింది.

సంక్రాంతి రోజు పొద్దున హరిదాసు వచ్చాడు. తల మీద రాగి పాత్ర, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు. పాత్ర దించడు. బియ్యం వేసేవాళ్లు చిన్నపిల్లలైతే తనే గొంతుక్కూర్చుంటాడు. తాతయ్య పాప చేత గుప్పిట్లో బియ్యం పట్టించి తీసుకెళ్లాడు. దారిలో సగం కారిపోయాయి. హరిదాసు వాకిట్లో కూర్చుని, మెడ వంచకుండా, ఓపిగ్గా ఎదురుచూశాడు. గుప్పిలి పాత్రలోకి చేరింది కానీ వేళ్లు తెరుచుకోలేదు. పాప ఇవ్వడం ఇంకా నేర్చుకోలేదు. తాతయ్య ఒక్కొక్క వేలూ విప్పాడు. నాలుగు గింజలు పడ్డాయి. హరిదాసు నిండు నూరేళ్లు అని దీవించి లేచాడు.

కనుమ మధ్యాహ్నం మరిదితో కలిసి చేలోకి వెళ్లాం. మిరప కాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు గట్టు మీద టార్పాలిన్ గుడిసెలు వేసుకున్నారు. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో మా పాప ఈడు పిల్ల. కాపలాకు ఏడెనిమిదేళ్ల అక్క. తల్లి వరసలో ఉంది. వీళ్ల అవ్వలు, తాతలు సరిహద్దు అవతలి ఊళ్లలో ఉన్నారు. ఏరుడు అయ్యేదాకా ఈ పిల్లలకు తల్లీదండ్రీ తప్ప చూసుకోవడానికి మరో మొహం లేదు. తెచ్చిన అరిసెలు, సకినాలు ఇచ్చాం. పాప ఉయ్యాల అంచు పట్టుకుని నిలబడి లోపలికి తొంగి చూసింది. లోపలి పిల్ల దాని టోపీ లాగింది. ఇద్దరూ నవ్వారు. ఎత్తుకోవడానికి ఇన్ని చేతులుండటం ఎంత భాగ్యమో అర్థమైంది. పొలాల్లో పనికి వచ్చే తల్లుల పిల్లలకు ఒక నీడ, ఒక చూసే మనిషి ఉండేలా చూడటం, వాళ్ల చేత పని చేయించుకునే మా అందరి బాధ్యత. ఈ ఏడు మా చేలో ఆ ఏర్పాటు చేస్తానని మామయ్య అక్కడే మాటిచ్చాడు.

ఊహ తెలిశాక తీసుకెళ్దాం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఇప్పుడే తీసుకెళ్లండి. చలికి ఒక స్వెట్టరు ఎక్కువ పెట్టుకోండి, పాలసీసా రెండోది సర్దుకోండి, జనం పలచబడ్డాకే గుడికి వెళ్లండి. నిద్రపోతే లేపకండి. ఈ తెప్పోత్సవం, ఈ మంట పిల్లలకు గుర్తుండవు, నిజమే. కానీ భయం వేసినప్పుడు ఎవరి మొహం చూడాలో తెలుస్తుంది. నెత్తి మీద పడేది దెబ్బా, దీవెనా అన్నది తెలుస్తుంది. ఎవరి ఒళ్లో పడుకున్నా నిద్ర పట్టడం అలవాటవుతుంది. ఊహ వచ్చాక కథలన్నీ ఈ నేల మీదే నిలబడతాయి. పైగా పిల్లలకు ఊహ వచ్చేదాకా ఆగుతాం సరే, అప్పటిదాకా ఈ నానమ్మలు, తాతయ్యలు ఇంతే ఓపికతో ఉంటారని ఎవరు పూచీ?

ఏప్రిల్‌లో మా చిన్న తోడికోడలు తల్లవుతుంది. వచ్చే భోగికి వసారాలో పీట మీద కూర్చునేది ఆ బిడ్డ. రేగుపళ్లు పోసేవాళ్ల వరసలో రెండున్నరేళ్ల మా పాప కూడా నిలబడుతుంది. అప్పటికి దాని గుప్పిలి తెరుచుకోవడం వచ్చి ఉంటుంది.